ఏడో వారం భోజనం

మా అత్తగారు పెద్దింట్లమ్మ కారు దిగనని మొండికేసిన చోటు ఈ భూమ్మీద ఒక్కటే ఉంది. కొత్తపేట దాటాక రావులపాలెం వెళ్లే రోడ్డు పక్కన, కొబ్బరితోటలో కట్టిన 'తాటాకు లోగిలి' అనే హోటలు. మొన్న వేసవిలో ప్రతి శనివారం మేం అక్కడ ఆగేవాళ్లం. మేం లోపలికెళ్లి తినేవాళ్లం. ఆవిడ మాత్రం కారు అద్దాలు దించుకుని, విసనకర్రతో విసురుకుంటూ, వచ్చేపోయేవాళ్లని చూస్తూ కూర్చునేది.

అసలు ఆ హోటలు కోసమని ఇంట్లోంచి బయల్దేరలేదు. వాడపల్లి వెంకన్నకి ఏడు శనివారాలు మొక్కుకున్నాం. వారం వారం వెళ్లి ఏడేసి ప్రదక్షిణలు చెయ్యాలి. మధ్యలో ఒక్క వారం తప్పినా మళ్లీ మొదట్నుంచీ తిరగాల్సిందేనని మా అత్తగారి శాసనం. ఏం కోరుకున్నామో పైకి చెప్పకూడదు. ఆవిడ చెప్పకపోయినా ఆవిడ కోరికేమిటో నాకు తెలుసనే అనుకున్నాను. మస్కట్‌లో కొడుకు ఉద్యోగం పదికాలాల పాటు పచ్చగా ఉండాలి, ప్రమోషన్ రావాలి, ఇంటి మీద ఇంకో అంతస్తు లేవాలి. నా కోరిక దానికి సరిగ్గా తలకిందులు. ఈసారి సెలవైపోయాక మా ఆయన విమానం ఎక్కకూడదు. ఒకే గుడి చుట్టూ, ఒకరి వెనక ఒకరం, అత్తాకోడళ్లం ఎదురెదురు కోరికలు పట్టుకుని తిరుగుతున్నాం. పాపం, దేవుడికెంత ఇరకాటమో అనుకునేదాన్ని.

మా ఆయన నాగబాబు. మాకు పెళ్లయి తొమ్మిదేళ్లు. అందులో ఆయన ఇంట్లో ఉన్న రోజులన్నీ కుప్పపోసినా ఏడాది నిండదు. మస్కట్‌లో ఏదో కంపెనీ ఆఫీసులో సూపర్‌వైజరు. వీడియో కాల్‌లో ఎప్పుడూ ఒకటే గది. వెనక తెల్లగోడ, గోడకి క్యాలెండరు, పైన ఏసీ. తాటిపాక దగ్గర మా ఊళ్లో ఆ ఏసీని చూడనివాళ్లు లేరు, మా అత్తగారు ఫోను పట్టుకెళ్లి అందరికీ చూపించింది. "మావాడు చొక్కా నలక్కుండా పనిచేస్తాడమ్మా" అనేది, ముఖ్యంగా ఎదురింటి కామాక్షిగారికి వినపడేలా. కామాక్షిగారి భర్త సత్యదుర్గారావుగారు పంచాయతీ ఆఫీసులో చేసి రిటైరయ్యారు. మా ఆయన ఈసారి వచ్చి దిగిన రోజునుంచీ, తన మేనల్లుణ్ణి కూడా ఆ ఆఫీసులోనే వేయించమని పట్టుకుని వదలడం లేదు.

వచ్చిన దగ్గర్నుంచీ మా ఆయనకి కుదురు లేదు. కూర్చుంటే కాలు ఊపడం, లేస్తే వీధి చివరిదాకా వెళ్లి రావడం, ఫోను మోగితే కొబ్బరిచెట్ల మధ్యకి పోయి మాట్లాడ్డం. వారం తిరక్కుండా సెకండ్‌హ్యాండ్ కారొకటి కొన్నారు. దాని ఏసీ పరిగెడుతుంటే చల్లగా వస్తుంది, ఆగితే వేడిగాలి కొడుతుంది. కారూ ఆయనా ఒకరికొకరు సరిగ్గా కుదిరారు.

మొదటి శనివారం దర్శనమయ్యాక గుడిలో అన్నప్రసాదం లైను చూసి లావణ్య ఆకలని గోలపెట్టింది. లావణ్య మా అమ్మాయి, మూడో తరగతి అయింది. నేను తెల్లవారకుండానే లేచి పులిహోర, పెరుగన్నం కలిపి డిక్కీలో పెట్టాను. ఆయన ఆ మాటే ఎత్తకుండా తిరుగు దారిలో తీసుకెళ్లి తాటాకు లోగిలి ముందు కారు ఆపారు.

ఆ ముంగిలి చూస్తే నాకు నవ్వాగలేదు. రంగులేసిన ఎడ్లబండి, దానికి సీరియల్ లైట్లు. నీళ్లు లేని నుయ్యి, దాని మీద కొత్త గిలక. ఓ మూల రోలు, రోట్లో ప్లాస్టిక్ మందారాలు. హైదరాబాదు నుంచి కార్లలో వచ్చినవాళ్లు వాటి పక్కన నిలబడి ఫొటోలు తీసుకుంటున్నారు. మా అత్తగారు కారులోంచి తొంగి చూసింది.

"ఇవన్నీ మన పెరట్లో ఉన్నవే కదే అమ్మాయ్! వీటిని చూడ్డానికి డబ్బులు పుచ్చుకుంటారా?"

"డబ్బులు భోజనానికమ్మా, రోలుకి కాదు" అన్నారు మా ఆయన.

"భోజనం ఎంతంట్రా?"

ఆయన చెప్పారు. ఆవిడ తీసిన తలుపు మళ్లీ వేసేసుకుంది. "నిలువుదోపిడీ అంటే దేవుడికిస్తారు గానీ హోటలువాడికిస్తార్రా? అక్కడ వెంకన్న ఊరికే పెడతానంటే కాదని వచ్చేరు. నేను దిగను. నా పులిహోర నా ఒళ్లో పెట్టి మీరెళ్లండి."

లోపల ఇత్తడి పళ్లెంలో అరిటాకు వేసి, దాని మీద బోలెడు చిన్న చిన్న గిన్నెలు పేర్చి తెచ్చారు. గిన్నెకో చెంచాడు కూర. ఆయన ముద్ద నోట్లో పెట్టుకుని ఆగిపోతున్నారు. వడ్డించేవాళ్లు వంటగది తలుపు తోసుకుని వచ్చినప్పుడల్లా మెడ అటు తిరుగుతోంది. వడ్డించే అమ్మాయిలు పట్టులంగాలు కట్టుకుని, జడనిండా పూలు పెట్టుకున్నారు లెండి. నిజం చెప్పొద్దూ, నాకు వేరే అనుమానమే వచ్చింది.

రెండో వారమూ అక్కడే ఆగారు. మూడో వారమూ అంతే. ఆ రోజు పనసపొట్టు కూర వేశారు. ఆయన ఓ ముద్ద తిని మొహం చిట్లించి, తనలో తనే అన్నట్టు అన్నారు.

"పొయ్యి మీదుండగానే ఆవ కలిపేసేరు. దింపేక కలపాలి. చేదెక్కిపోయింది."

నా చెయ్యి ఆకులోనే ఆగిపోయింది. ఇంట్లో మంచినీళ్లు కూడా తనంతట తను ముంచుకోని మనిషి. మా వంటింట్లో అగ్గిపెట్టె ఎక్కడుంటుందో కూడా తెలీదు.

"మీకెలా తెలుసండీ?"

"అమ్మ అంటూంటుంది కదా" అన్నారు. మా అత్తగారు వండుతుంది గానీ ఎలా వండుతుందో చెప్పగా నేనెప్పుడూ వినలేదు. నేను ఇంకో మాట అడిగేలోగా ఆయన చెయ్యి కడుక్కొస్తానని లేచి వెనక్కి వెళ్లారు. లావణ్య ఐస్‌క్రీమ్ అయిపోయినా రాలేదు.

ఆ మర్నాడు బట్టలు ఆరేసి వచ్చేసరికి లావణ్య చేతిలో టొమాటో తొక్కతో చేసిన గులాబీ ఉంది. ఒకటే తొక్క, ఎక్కడా తెగలేదు. రేకు మీద రేకు చుట్టుకుని నిజం పువ్వులాగే ఉంది.

"ఎవరు చేసేరే?"

"నాన్న. అమ్మకి చెప్పొద్దన్నారు" అంది, చెప్పేసి.

దాన్ని గాజుగ్లాసులో వేసి ఫ్రిజ్‌లో పెట్టాను. తలుపు తీసినప్పుడల్లా అది నన్ను చూస్తున్నట్టే ఉండేది. ఆయనని అడుగుదామనుకుంటాను, అడిగితే ఏం వినాల్సొస్తుందోనని భయపడతాను. ఆయన బయట కాలుగాలిన పిల్లిలా తిరుగుతుంటే నేను ఇంట్లో తిరిగాను.

నాలుగో వారం నాకు గుడిలోకి వెళ్లే వీల్లేకపోయింది. బయట నీడన కూర్చున్నాను. మా అత్తగారు తన ప్రదక్షిణలు తను చేసి, ఆయాసపడుతూ వచ్చి మంచినీళ్లు తాగి, మళ్లీ లేచింది.

"ఎక్కడికత్తయ్యా?"

"నీ వంతు తిరగొద్దూ? నీ కోరికేంటో నాకు చెప్పక్కర్లేదు. కాళ్లు మటుకు నావి వాడుకో."

నాకు సిగ్గేసింది. ఆవిడ కాళ్లతోనే ఆవిడ కోరికకి గండి కొడుతున్నాను మరి.

ఐదో వారం ఆయన చెయ్యి కడుక్కొస్తానని లేవగానే నేనూ లేచాను. లావణ్యని ఉయ్యాల బల్ల దగ్గర వదిలి, హోటలు పక్కనుంచి వెనక్కి నడిచాను. అక్కడ సీరియల్ లైట్లూ లేవు, మందారాలూ లేవు. కొబ్బరి డొక్కల గుట్ట, గ్యాసు బండలు, పెద్ద పెద్ద డేగిసాలు. వంటగది వెనక తలుపు బార్లా తీసి ఉంది. ఆ గుమ్మంలో మా ఆయన గరిటెలోంచి పులుసు చుక్క అరచేతిలో వేసుకుని నాలిక్కి రాసుకుంటున్నారు. పక్కన హోటలు ఓనరు వీరేంద్ర, నల్లకళ్లద్దాలు నెత్తి మీదికి తోసుకుని నిలబడ్డాడు.

"చెయ్యి తిరిగిన మనిషేనండి, నేను కాదన్ను" అంటున్నాడు వీరేంద్ర. "కానీ క్యాంపు మెస్సులో లేబరుకి వండటం వేరు, ఇక్కడ టూరిస్టులకి వండటం వేరు కదండీ. పై శనివారం కాకుండా ఆ పైవారం మా వంటాయన ఉండడు. మీరొచ్చి ఆ పూట నడిపించండి. వచ్చినవాళ్లు మెచ్చుకుంటే అప్పుడు మాట్లాడుకుందాం."

"ఆయ్, అలాగేనండి" అన్నారు మా ఆయన, చేతులు కట్టుకుని.

చేతులు కట్టుకున్న నాగబాబుని నేను ఎప్పుడూ చూడలేదు. ఇటు తిరిగి నన్ను చూశారు. ఇద్దరం ఆ నీళ్లు లేని నూతి దగ్గరికి వెళ్లి నిలబడ్డాం. ఎవరో కొత్త దంపతులు ఫొటో తియ్యమని ఫోను ఇస్తే, ముందు వాళ్లకి ఫొటో తీసిచ్చాను.

"ఎన్నాళ్లనుంచి?" అన్నాను.

"మొదట్నుంచీనే దుర్గా. ఆఫీసు పనని చెప్పి తీసికెళ్లేరు, దిగేక మెస్సులో పడేసేరు. ఉల్లిపాయలు కొయ్యడంతో మొదలెట్టేను. తర్వాత్తర్వాత పెద్ద వంటవాణ్ణయ్యేను. ఆ ఏసీ గది మా క్యాంపు బాసుది. ఆయన్ని అడిగి అందులోంచి మీతో మాట్లాడేవాణ్ణి."

"మరి సెలవు?"

"సెలవు లేదు. క్యాంపు ఎత్తేసేరు. వీసా క్యాన్సిలైపోయింది. వచ్చేసేను."

తొమ్మిదేళ్ల అబద్ధం. నాకు ఒళ్లు మండిపోవాలి, మండింది కూడా. నా దగ్గర కూడా దాచారే అని గుండెలో ముల్లు గుచ్చుకుంది. కానీ ఆ మంట అడుగున ఇంకో మాట పొంగుకొస్తోంది. ఈయన విమానం ఎక్కరు. ఇక ఎక్కరు. నా మొక్కు ఐదో వారానికే తీరిపోయింది. ఏడవాలో నవ్వాలో తెలీక గిలక పట్టుకుని నిలబడ్డాను.

"అమ్మకి చెప్పకు" అన్నారాయన. "వంటవాణ్ణని తెలిస్తే వీధిలో తలెత్తుకోలేదు. ముందు ఇక్కడ కుదరనీ, తర్వాత ఏదో ఒకటి చెప్తాను."

"ఏదో ఒకటంటే? మళ్లీ ఇంకో ఏసీ గదా?"

ఆయన ముందు నడిచారు. కారు దగ్గరికి వెళ్తే మా అత్తగారు మా ఇద్దరి మొహాలూ ఎగాదిగా చూసింది. "డబ్బిచ్చి ఆకలి కొనుక్కొచ్చినట్టున్నారు. ఇంద, పులిహోర ఉంది" అని డబ్బా చేతిలో పెట్టింది.

ఆ తర్వాతి రోజులు మా ఇంట్లో ఎవరికీ నిద్రాహారాలు సరిగ్గా లేవు. సత్యదుర్గారావుగారు మేనల్లుడి పాస్‌పోర్టు జిరాక్సు పట్టుకుని వచ్చారు. మా ఆయన నోరు తెరిచేలోపే మా అత్తగారు, "ఆ ఆఫీసులో ఖాళీల్లేవంటండి" అని తెగేసి చెప్పింది. ఎదురింటివాళ్లు బాగుపడితే చూడలేదు కాబోలు ఈవిడ అనుకున్నాను. ఆరో వారం వాడపల్లి వెళ్లి రావడం కూడా ఎవరి ఆలోచనలో వాళ్లం ఉండగానే అయిపోయింది.

ఇంకో రోజు పనసకాయ తెప్పించి ఆవిడే కూర వండింది. వంటింట్లో ఒక్కతే ఉండి పైకి మాట్లాడుతోంది. "ఆవ నూరేటప్పుడు ఎండుమిరపకాయా, కాస్త ఉప్పూ వెయ్యాలి. చేదు విరుగుతుంది. పొట్టు ఉడికేక గట్టిగా పిండాలి. నీరుంటే కూర జావైపోతుంది." ఎవరితోనా అని చూస్తే, హాల్లో మా ఆయన కాలు ఊపడం మానేసి వింటున్నారు. వయసు మీద పడి తనలో తను మాట్లాడుకుంటోందేమోనని నాకు దిగులేసింది.

ఏడో శనివారం పొద్దున్నే మమ్మల్ని గుడి దగ్గర దింపి, "నాకు పనుందమ్మా. దర్శనం చేసుకుని ఆటోలో తాటాకు లోగిలికి వచ్చెయ్యండి. అక్కణ్ణుంచి కలిసి వెళ్దాం" అన్నారాయన. సణుగుతుందనుకున్నాను. "ఆయ్" అని ఊరుకుంది.

ఆఖరి ప్రదక్షిణ అయ్యేసరికి మబ్బులు కమ్మాయి. హోటలు ముందు ఆటో దిగేసరికి చినుకులు మొదలయ్యాయి. మా కారు తాళం ఆయన దగ్గరే ఉంది. మా అత్తగారు ఓసారి కారు వైపు చూసి, కుచ్చిళ్లు సర్దుకుని, తిన్నగా లోపలికి నడిచింది.

"కారులో కూర్చుందామంటే తాళం లేదు కదా ఇవాళ" అంది, నేనేదో అడిగినట్టు.

కూర్చుని మంచినీళ్లు తాగామో లేదో, పక్క బల్ల నుంచి, "అరె, పెద్దింట్లమ్మగారా! మీరూ ఇక్కడేనా!" అని వినపడింది. కామాక్షిగారు. పక్కన సత్యదుర్గారావుగారు, ఎదురుగా వాళ్ల అమ్మాయీ అల్లుడూ. అల్లుడికి కోనసీమ చూపించడానికి బయల్దేరారట. దారిలో ఇన్ని హోటళ్లుండగా వీళ్లకి ఇదే దొరికిందా అనుకున్నాను.

"మా నాగబాబు ఏడండీ?" అన్నారు సత్యదుర్గారావుగారు.

"ఏదో పనుండి..." అని నేను నసిగాను.

పళ్లేలు వచ్చాయి. ప్రతి పళ్లెంలోనూ ఓ పక్కగా టొమాటో తొక్క గులాబీ. లావణ్య, "అమ్మా! నాన్న పువ్వు!" అని అరిచింది. దాని నోరు మూసేసరికి నా ప్రాణం పోయినంత పనైంది. మా అత్తగారు ఆ పువ్వుని వేళ్లతో తీసి జాగ్రత్తగా పక్కన పెట్టింది. పనసపొట్టు కూర అన్నంలో కలిపి ఓ ముద్ద నోట్లో పెట్టుకుని కళ్లు మూసుకుంది. చాలాసేపు నమిలింది.

సత్యదుర్గారావుగారు రేట్ల కార్డు ముక్కు దగ్గర పెట్టుకుని చదువుతున్నారు. "కూర అమోఘంగా ఉందండి, కాదన్ను. కానీ పనసపొట్టుకి ఇంతేంటండీ? పెరట్లో కాసే కాయకి! మరీ అన్యాయం కాదూ?"

ఆవిడ వంత పాడుతుందనుకున్నాను. వేసవి పొడుగునా ఈ మాటే అంది కదా.

"అన్యాయమేముందండీ?" అంది మా అత్తగారు, హాలంతా వినపడేలా. "మా నాగబాబు వండిన కూర. ఆ మాత్రం ఉండాలి."

కామాక్షిగారి చేతిలో అప్పడం విరగలేదు, నోట్లోకీ వెళ్లలేదు. "నాగబాబంటే... మస్కట్ ఆఫీసు..."

"అక్కడా వంటేనండి. ఎంతమందికో వండి పెట్టేడు. ఇక ఇక్కడ మనకి పెడతాడు."

వంటగది తలుపు దగ్గర మా ఆయన నిలబడి ఉన్నారు. తెల్ల టోపీ, నడుముకి కట్టిన గుడ్డ, చేతిలో కూర గిన్నె. ఎప్పట్నుంచి నిలబడ్డారో తెలీదు. మా అత్తగారు వెనక్కి తిరిగి చూసి, మా ఇంట్లో పిలిచినట్టే పిలిచింది.

"ఒరేయ్, చూస్తూ నిలబడతావేంట్రా? సత్యదుర్గారావుగారికి ఇంకాస్త కూర వెయ్యి."

ఆయన వచ్చి వడ్డించారు. సత్యదుర్గారావుగారు, "చాలు బాబూ, చాలు" అంటూనే రెండు గరిటెలు వేయించుకున్నారు. గుమ్మంలో వీరేంద్ర నల్లకళ్లద్దాలు చేతిలోకి తీసుకుని ఆ వేయించుకోవడమే చూస్తున్నాడు.

ఇంటికి వస్తుంటే వాన పట్టుకుంది. వచ్చే వారం నుంచి పనిలోకి రమ్మని వీరేంద్ర అన్నాడని ఆయన చెప్పారు. పి.గన్నవరం దాటేసరికి నేనే ఉండబట్టలేక అడిగాను.

"మీకెప్పట్నుంచి తెలుసత్తయ్యా?"

"మొదటిసారి సెలవుకొచ్చినప్పట్నుంచీ తెలుసు. పెట్టెలో చొక్కాలు నేనే కదే ఉతికేను. ఏసీ గదిలో కూర్చునేవాడి చొక్కాలకి పోపు వాసన ఎందుకొస్తుంది?"

మా ఆయన కారు పక్కకి తీసి ఆపేశారు. ఏసీ వేడిగాలి కొట్టడం మొదలెట్టింది.

"మరి వీధంతా ఆఫీసని చెప్పేవేంటమ్మా?"

"నువ్వు చెప్పమన్న మాటే చెప్పేను. నీకు అదే బావుందేమో అనుకున్నాను." ఆవిడ విసనకర్ర తీసి కొడుకు మెడ మీద విసిరింది. "ఆ హోటలు దగ్గర మొదటివారం డబ్బులకి జడిసే దిగలేదు. తర్వాత చూస్తే, నువ్వు కారు ఆపే చోటునుంచి ఆ వంటగది వెనక గుమ్మం కనపడుతోంది. నువ్వు ఆ హోటలువాడి ముందు చేతులు కట్టుకు నిలబడుతుంటే కనపడుతోంది. దిగి లోపల కూర్చుంటే అది కనపడదు కదా. ఆ పని నీకు దొరకాలనే ఒక్కో వారం తిరిగేను."

మొక్కు పైకి చెప్పకూడదని అన్నది ఆవిడే. ఆ మాట గుర్తు చెయ్యడానికి నాకు నోరు రాలేదు. ఒకే గుడి చుట్టూ ఒకే కోరికతో తిరిగాం, అది నా ఒక్కదాని కోరికే అనుకుని నేను ఆవిడ మీద గెలవాలని తిరిగాను. మా ఆయన స్టీరింగ్ మీద తల ఆన్చారు, భుజాలు కదులుతున్నాయి. లావణ్య నా ఒళ్లో నిద్రపోతోంది.

"పోనీరా, ఉడికిపోతున్నాం" అంది మా అత్తగారు. కారు కదిలి, చల్లగాలి రావడం మొదలయ్యాక మళ్లీ అంది.

"ఒరేయ్, కూరలో ఉప్పు తగ్గింది. ఆ రేటు పుచ్చుకున్నాక ఉప్పు తగ్గకూడదు."

"ఆయ్" అన్నారు మా ఆయన.